సొసైటీ సెక్రటరీకి ఒక న్యాయం, బ్యాంకు చైర్మన్‌కు ఒక న్యాయమా?

ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో ఆడిట్ జరిగిందనుకుందాం. ఎరువుల నిల్వలో తేడా కనిపించింది. లేదా పాసు పుస్తకం కూడా చూడకుండా అప్పులు ఇచ్చారని తేలింది. సంఘానికి నాలుగు లక్షల రూపాయల నష్టం వచ్చింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మన సభ్యుల్లో చాలామందికి తెలిసిందే. సహకార శాఖ సెక్షన్ 51 కింద విచారణ వేస్తుంది. నష్టానికి కారకులెవరో పేర్లతో సహా నివేదిక వస్తుంది. సెక్రటరీ మీదా, అవసరమైతే అధ్యక్షుడి మీదా, పాలకవర్గ సభ్యుల మీదా సెక్షన్ 60 కింద సర్‌చార్జి చర్య మొదలవుతుంది. ఆ సొమ్మును వడ్డీతో సహా తమ సొంత డబ్బులోంచి సంఘానికి కట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు వేల కోట్లు ముంచిన పెద్ద బ్యాంకును తీసుకోండి. రిజర్వు బ్యాంకు హెచ్చరికలను పక్కన పడేసి, తాకట్టు విలువ సరిచూడకుండా, ఒకే సంస్థకు వరుసగా అప్పులిచ్చి బ్యాంకును గుల్ల చేసిన ఎండీ, చైర్మన్, డైరెక్టర్ల మీద ఇలాంటి చర్య ఉందా? ఆ నష్టంలో ఇంత మీ వాటా, వడ్డీతో సహా కట్టండి అని చెప్పే తేలికైన దారి మన బ్యాంకింగ్ చట్టాల్లో ఉందా? లేదు. లంచం తీసుకున్నట్టు రుజువైతే, కుట్ర చేసినట్టు రుజువైతే క్రిమినల్ కేసు నడుస్తుంది. అదీ ఏళ్ల తరబడి. కానీ కళ్లు మూసుకుని కూర్చున్నందుకు, చూడాల్సింది చూడనందుకు సొంత జేబులోంచి కట్టించే ఏర్పాటు మాత్రం లేదు.

నాలుగు లక్షల నష్టానికి ఉన్న జవాబుదారీతనం నాలుగు వేల కోట్ల నష్టానికి ఎందుకు లేదన్నదే ఈ నెల మన ప్రశ్న.

లెక్కలు ఏం చెబుతున్నాయి

2023 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం, 2014-15 నుంచి తొమ్మిది ఆర్థిక సంవత్సరాల్లో షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులు రైట్ ఆఫ్ చేసిన మొండి బకాయిలు 14,56,226 కోట్ల రూపాయలు. ఇందులో పెద్ద పరిశ్రమలు, సేవారంగ సంస్థల వాటా 7,40,968 కోట్లు, అంటే సగానికి పైనే. అదే కాలంలో ఇలా రైట్ ఆఫ్ చేసిన ఖాతాల నుంచి తిరిగి వసూలైంది 2,04,668 కోట్లు. రైట్ ఆఫ్ చేసిన ప్రతి వంద రూపాయలకూ వచ్చింది 14 రూపాయలు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రైట్ ఆఫ్ అంటే మాఫీ కాదు. బ్యాంకు తన పద్దుల్లోంచి ఆ బాకీని తీసేస్తుందే తప్ప, అప్పు తీసుకున్నవాడు బాకీదారుగానే ఉంటాడు, వసూలు చర్యలు కొనసాగించవచ్చు. ప్రభుత్వం ఈ మాటే ప్రతిసారీ చెబుతోంది. చట్టప్రకారం అది నిజం కూడా. మన ఉపన్యాసాల్లో ఈ రెంటినీ కలిపేసి మాట్లాడితే ఎదుటివారికి తేలికగా దొరికిపోతాం. అయితే వందకు 14 రూపాయలే వచ్చినప్పుడు, మిగిలిన 86 రూపాయలకు వసూలు హక్కు ఉందని చెప్పుకోవడం కాగితం మీది ఊరట మాత్రమే.

ఆ లోటు ఎవరు పూడ్చారు? 2016-17 నుంచి 2020-21 వరకు అయిదేళ్లలో కేంద్రం ప్రభుత్వ రంగ బ్యాంకులకు సమకూర్చిన మూలధనం సుమారు 3.11 లక్షల కోట్ల రూపాయలు. అందులో ఎక్కువ భాగం బాండ్ల రూపంలో ఇచ్చారు. ఆ బాండ్ల మీద వడ్డీ కట్టేది ఖజానా. ఖజానా నిండేది డీజిల్ మీద, ట్రాక్టర్ విడిభాగాల మీద, పురుగు మందుల మీద మనం కట్టే పన్నులతో కూడా. బాకీ ఎగ్గొట్టినవాడు ఒకడు, అప్పు ఇచ్చినవాడు ఇంకొకడు, కట్టింది మాత్రం ఊళ్లో రైతు.

సికింద్రాబాద్ నుంచి మొదలైన కేసు

బ్యాంకు పెద్దల బాధ్యత గురించి మన దేశంలో వచ్చిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి మన నేల మీద పుట్టిన బ్యాంకుదే. 1990ల్లో కొత్తతరం ప్రైవేటు బ్యాంకుల్లో ఒకటిగా సికింద్రాబాద్ కేంద్రంగా గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్ మొదలైంది. స్టాక్ మార్కెట్ దళారులకూ సంస్థలకూ ఇచ్చిన అప్పులు 2001 నాటి మార్కెట్ కుంభకోణంతో మొండి బకాయిలయ్యాయి. 2004 జూలై 24న ప్రభుత్వం ఆ బ్యాంకు మీద మారటోరియం పెట్టింది. ఖాతాదారులు పది వేల రూపాయలకు మించి తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఆగస్టు 14న దాన్ని ప్రభుత్వ రంగ బ్యాంకైన ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల సొమ్ము దక్కింది. వాటాదారులకు చిల్లిగవ్వ రాలేదు. ప్రైవేటు బ్యాంకు చేసిన నష్టాన్ని ప్రభుత్వ బ్యాంకు నెత్తికెత్తుకుంది. ఆ ఓరియంటల్ బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసిపోయింది. మన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది కూడా అదే రోజున.

గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు అప్పటి చైర్మన్, ఎండీ రమేష్ గెల్లి మీదా, ఒక ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ మీదా సీబీఐ కేసు పెట్టింది. ప్రైవేటు బ్యాంకు అధికారులు పబ్లిక్ సర్వెంట్లు కారు కాబట్టి అవినీతి నిరోధక చట్టం తమకు వర్తించదని వారు వాదించారు. కింది కోర్టులు ఆ వాదననే ఒప్పుకున్నాయి. సుప్రీంకోర్టు 2016 ఫిబ్రవరి 23న దాన్ని తోసిపుచ్చింది. బ్యాంకింగ్ లైసెన్సు మీద ప్రజల డబ్బుతో వ్యాపారం చేసే ప్రైవేటు బ్యాంకు చైర్మన్, ఎండీ, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ కూడా 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంట్లేనని చెప్పింది. వారు తప్పు చేశారా లేదా అన్నది ఆ తీర్పు తేల్చలేదు. ఆ చట్టం కింద విచారణ జరపవచ్చని మాత్రమే చెప్పింది.

ఈ తీర్పు గొప్పదే. కానీ కాలం లెక్క చూడండి. బ్యాంకు 2004లో మునిగితే, దాని పెద్దలకు ఏ చట్టం వర్తిస్తుందో తేలడానికే 2016 వచ్చింది. పన్నెండేళ్లు! మన సొసైటీ సెక్రటరీకి ఏ చట్టం వర్తిస్తుందో ఎవరూ పన్నెండేళ్లు వాదించుకోరు.

హెచ్చరిక వచ్చాక కూడా

పంజాబ్ నేషనల్ బ్యాంకు సంగతి చూద్దాం. ముంబయిలోని బ్రాడీ హౌస్ శాఖ నుంచి ఏళ్ల తరబడి దొంగ హామీ పత్రాలు విదేశాల్లోని బ్యాంకులకు వెళ్లాయి. 2018 మొదట్లో వ్యవహారం బయటపడేసరికి మొత్తం 13 వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ హామీలు పంపడానికి వాడిన స్విఫ్ట్ సందేశ వ్యవస్థకూ, బ్యాంకు ప్రధాన పద్దుల కంప్యూటర్ వ్యవస్థకూ లంకె లేదు. అందుకే పంపిన హామీ పద్దుల్లో కనిపించలేదు. స్విఫ్ట్ దుర్వినియోగం కావచ్చని 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను రహస్యంగా హెచ్చరించామని రిజర్వు బ్యాంకు 2018 ఫిబ్రవరిలో ప్రకటించింది.

మోసం చేసినవాడు వేరు. మోసానికి తలుపు తీసి ఉంచినవాడు వేరు. తలుపు తెరిచి ఉందని మూడుసార్లు చెప్పినా గడియ పెట్టనివాడి సంగతేమిటి? ఆ బ్యాంకు మాజీ ఎండీ మీద సీబీఐ చార్జిషీటు వేసింది. అప్పటికి మరో ప్రభుత్వ బ్యాంకుకు అధిపతిగా ఉన్న ఆమెను 2018 ఆగస్టులో, పదవీ విరమణ రోజునే, ప్రభుత్వం ఉద్యోగం నుంచి తొలగించింది. నేరం సంగతి కోర్టు తేల్చాలి, దాని మీద మనం తీర్పు చెప్పబోవడం లేదు. మనం అడిగేది వేరే. ఆ హెచ్చరికలు ఎవరి బల్ల మీదికి వచ్చాయి, ఎవరు పక్కన పెట్టారు, దానివల్ల జరిగిన నష్టంలో వారి వంతు ఎంత అని లెక్కగట్టి రాబట్టే పద్ధతి ఎందుకు లేదు?

అదే ఏడాది మార్చి 14న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ ఉర్జిత్ పటేల్ గాంధీనగర్‌లో మాట్లాడుతూ, ప్రైవేటు బ్యాంకుల అధిపతులను తొలగించినట్టుగా ప్రభుత్వ బ్యాంకుల డైరెక్టర్లనూ యాజమాన్యాన్నీ తొలగించే అధికారం చట్టం తమకు ఇవ్వలేదని చెప్పారు. రిజర్వు బ్యాంకుకు చాలినన్ని అధికారాలు ఉన్నాయన్నది ప్రభుత్వం వాదన. బ్యాంకు యజమాని ప్రభుత్వం, కాపలాదారు రిజర్వు బ్యాంకు. దొంగతనం జరిగాక ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు.

2019 సెప్టెంబరులో ముంబయిలోని పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు వంతు వచ్చింది. తన అప్పుల్లో 70 శాతానికి పైగా ఒకే రియల్ ఎస్టేట్ సంస్థ గుంపుకు ఇచ్చి, అది కనపడకుండా వేల సంఖ్యలో బోగస్ ఖాతాలు సృష్టించారని దర్యాప్తు సంస్థలు ఆరోపించాయి. మొదట్లో ఖాతాదారులు ఆరు నెలలకు వెయ్యి రూపాయలు మాత్రమే తీసుకోవచ్చన్నారు. ఆ తర్వాతే పరిమితి పెంచుతూ వచ్చారు. మన హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ల కిందట కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార పట్టణ బ్యాంకులు మూతబడ్డప్పుడు పింఛను సొమ్ము, కూతురి పెళ్లి కోసం దాచిన సొమ్ము ఇరుక్కున్నవారి గోడు తెలిసినవాళ్లకు ముంబయి వాళ్ల బాధ వేరే చెప్పనక్కర్లేదు.

చట్టంలో ఏముంది, ఏం లేదు

ఇప్పుడున్న చట్టాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది క్రిమినల్ చట్టం. బ్యాంకరు నమ్మకద్రోహం చేస్తే పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 409 ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 316 ఉంది. యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. కానీ అక్కడ దురుద్దేశం రుజువు కావాలి. నిర్లక్ష్యం ఎంత ఘోరమైనదైనా అది ఈ సెక్షన్‌లోకి రాదు.

రెండోది అవినీతి నిరోధక చట్టం. ప్రజాప్రయోజనం లేకుండా ఇతరులకు లాభం చేకూర్చడం కూడా నేరమేనని ఇందులో ఒక నిబంధన ఉండేది. 2018 సవరణలో దాన్ని తీసేశారు. పదవిలో ఉండగా తీసుకున్న నిర్ణయాల మీద దర్యాప్తు మొదలుపెట్టాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని 17ఏ సెక్షన్ కొత్తగా చేర్చారు.

మూడోది 2013 నాటి కంపెనీల చట్టం. డైరెక్టర్లు తగిన జాగ్రత్తతో, నైపుణ్యంతో, శ్రద్ధతో పనిచేయాలని సెక్షన్ 166 చెబుతుంది. ఎంత చక్కటి మాట! ఉల్లంఘిస్తే జరిమానా ఎంతో తెలుసా? లక్ష రూపాయల నుంచి అయిదు లక్షల వరకు. మన సొసైటీ సెక్రటరీకి పడే సర్‌చార్జి కూడా కొన్నిసార్లు ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది.

నాలుగోది ప్రభుత్వ బ్యాంకుల సొంత చట్టాలు. 1955 నాటి స్టేట్ బ్యాంక్ చట్టంలోనూ, 1970 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టంలోనూ డైరెక్టర్లకు రక్షణ ఉంది. తీసుకున్న తాకట్టు విలువ చాలకపోయినా, బాకీదారు దివాలా తీసినా, దానివల్ల వచ్చే నష్టానికి డైరెక్టరు బాధ్యుడు కాడు, అది అతను కావాలని చేసిన పని వల్లనో, తప్పిదం వల్లనో జరిగితే తప్ప. ఈ మినహాయింపు మాటను గుర్తుపెట్టుకోండి. చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. కావాలని చేసిన తప్పిదానికి రక్షణ లేదని చెప్పింది. కానీ ఆ తప్పిదం జరిగిందా అని విచారించి, లెక్కగట్టి, వసూలు చేసే యంత్రాంగాన్ని మాత్రం పెట్టలేదు.

అయిదోది రిజర్వు బ్యాంకు 2019 నవంబరులో ఇచ్చిన జీతభత్యాల మార్గదర్శకాలు. బ్యాంకు పనితీరు చెడితే ఉన్నతాధికారులకు ఇవ్వాల్సిన బోనస్ ఆపేయడానికీ, ఇచ్చినది వెనక్కి తీసుకోవడానికీ ఇందులో ఏర్పాటు ఉంది. మంచిదే. అయితే ఇవి ప్రైవేటు, విదేశీ బ్యాంకులకు ఉద్దేశించినవి. పైగా బోనస్ వెనక్కి తీసుకోవడం నష్టపరిహారం కాదు. వేల కోట్ల నష్టం ముందు అది ఆవగింజ.

ఇక మన సహకార చట్టం. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం, తెలంగాణలోనూ అమల్లో ఉన్నదే, సెక్షన్ 60లో ఏం చెబుతోంది? సంఘం నిర్వహణ బాధ్యత ఉన్నవారెవరైనా, ఇప్పటివారైనా మునుపటివారైనా, సొమ్ము కాజేసినా, నమ్మకద్రోహం వల్లనో ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం వల్లనో సంఘం ఆస్తులకు లోటు తెచ్చినా, రిజిస్ట్రారు ఆ వ్యక్తి సంజాయిషీ విని, ఆ సొమ్మును వడ్డీతో సహా కట్టమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. దురుద్దేశం రుజువు చేయడానికి ఏళ్ల తరబడి క్రిమినల్ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. జైలు ప్రశ్న వేరు, సొమ్ము ప్రశ్న వేరు. ముందు సొమ్ము రావాలి. సంజాయిషీ చెప్పుకునే హక్కూ ఉంది, ఉత్తర్వు మీద అప్పీలు హక్కూ ఉంది. అరవై ఏళ్లుగా ఈ సూత్రం మన ఊళ్లలో ఉంది. దాన్ని ముంబయి, ఢిల్లీ బ్యాంకు భవనాల దాకా తీసుకుపొమ్మన్నదే మన వాదన సారాంశం.

ఇతర దేశాల్లో

ఇది మన గొంతెమ్మ కోరిక కాదు. 2008 ఆర్థిక సంక్షోభంలో బ్రిటన్ ప్రభుత్వం తన బ్యాంకులను ప్రజల డబ్బుతో ఆదుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 2013లో అక్కడ ఒక చట్టం చేశారు. తన నిర్ణయం వల్ల బ్యాంకు కూలిపోయే ప్రమాదం ఉందని తెలిసి కూడా, ఆ స్థానంలో ఉన్నవారి నుంచి ఆశించే జాగ్రత్తకు చాలా దిగువన ప్రవర్తించి బ్యాంకును కూల్చిన సీనియర్ మేనేజరుకు ఏడేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చు. 2016 మార్చి నుంచి ఇది అమల్లో ఉంది. దాంతోపాటే, ఏ సీనియర్ మేనేజరు దేనికి బాధ్యుడో ముందే రాతపూర్వకంగా నమోదు చేయాలన్న నిబంధన కూడా వచ్చింది. దీనివల్ల తప్పు జరిగాక ఇది నా విభాగం కాదని చేతులు దులుపుకోవడానికి వీలుండదు.

ఐస్‌లాండ్ అనే చిన్న దేశంలో 2008లో మూడు పెద్ద బ్యాంకులూ ఒకే వారంలో కుప్పకూలాయి. అక్కడ ప్రత్యేక ప్రాసిక్యూటరును నియమించారు. వాటిలో ఒకటైన కౌప్‌తింగ్ బ్యాంకు ముగ్గురు ఉన్నతాధికారులకూ, ఒక పెద్ద వాటాదారుకూ నాలుగు నుంచి అయిదున్నరేళ్ల జైలుశిక్షలను 2015 ఫిబ్రవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ దేశ జనాభా మన ఒక చిన్న నగరమంత కూడా ఉండదు. అంత చిన్న దేశం చేయగలిగిన పని మనవల్ల కాదని ఎవరైనా అంటే, కొరత చట్టానికి కాదు, మనసుకు.

మనం జాగ్రత్తగా ఉండాల్సిన చోటు

ఇంతవరకు చదివి, అయితే అప్పు మొండి బాకీ అయిన ప్రతిసారీ మేనేజరును జైల్లో వేయమనా మీ వాదన అని ఎవరైనా అడగవచ్చు. కాదు. ఈ విషయంలో రైతు సంఘంగా మనం మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ దెబ్బ ముందు తగిలేది మనకే.

వ్యవసాయం వానతో, ధరతో, తెగులుతో ఆడే పందెం. మిరపకు నల్ల తామర పురుగు వస్తే, పత్తికి గులాబీ రంగు పురుగు వస్తే, కోతకొచ్చిన వరి తుపానులో నేలకొరిగితే అప్పు తిరిగి రాదు. దానికి బ్రాంచి మేనేజరు తప్పు లేదు, రైతు తప్పూ లేదు. ప్రతి మొండి బాకీకీ అప్పు మంజూరు చేసినవాడి జీతంలోంచి కోస్తామంటే రేపటి నుంచి ఏ మేనేజరూ కౌలు రైతు ముఖం చూడడు. ఇప్పుడే చూడటం లేదు. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల రూపాయల వరకు వ్యవసాయ అప్పుకు తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు చెప్పినా, ఏదో ఒక హామీ తెమ్మని తిప్పి పంపే శాఖల గురించి మన సభ్యుల ఫిర్యాదులు ఆగలేదు. అందులో సగం భయమే. తనిఖీ అధికారి వచ్చి అడిగితే ఏం చెప్పాలన్న భయం.

కాబట్టి గీత ఎక్కడ గీయాలో స్పష్టంగా ఉండాలి. నిబంధనల ప్రకారం ఇచ్చి, పరిస్థితుల వల్ల మునిగిన అప్పుకు ఎవరినీ శిక్షించకూడదు. రాతపూర్వక హెచ్చరిక వచ్చినా పట్టించుకోకపోవడం, పరిమితి దాటి ఒకే గుంపుకు పోగేయడం, సొంత బ్యాంకు సిబ్బంది రాసిన అభ్యంతరాన్ని తోసేసి మంజూరు చేయడం, పాత అప్పు మొండి బాకీగా కనపడకుండా కొత్త అప్పు ఇవ్వడం, ఇవి పొరపాట్లు కావు. ఇవి ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం. సెక్షన్ 60 వాడిన మాట సరిగ్గా ఇదే.

2021లో ఆర్థిక శాఖ ప్రభుత్వ బ్యాంకులకు ఒక ఏర్పాటు చేసింది. మోసం లేని, 50 కోట్ల లోపు మొండి ఖాతాల్లో సిబ్బంది బాధ్యతను ఎలా తేల్చాలో ఒకే పద్ధతి పెట్టి, నిజాయితీగా పనిచేసినవారికి రక్షణ కల్పించాలన్నది దాని ఉద్దేశం. దాన్ని మనం సమర్థించాలి. కింది మెట్టు మీద ఉన్నవాడికి భయం తీసేశారు, సంతోషం. మరి పై మెట్టు మీద ఉన్నవాడికి బాధ్యత పెట్టేదెప్పుడు? 50 కోట్ల పైన, 500 కోట్ల పైన సంతకాలు పెట్టేది బ్రాంచి మేనేజరు కాదు, ప్రధాన కార్యాలయంలోని కమిటీలు. కుంభకోణం బయటపడ్డాక మొదట సస్పెండయ్యేది మాత్రం చాలాసార్లు కింది ఉద్యోగులే.

ఇంకో తేడా కూడా చూడండి. పంట పోయి వాయిదా తప్పిన రైతుకు బంగారం వేలం నోటీసు వస్తుంది. పథకం డబ్బు ఖాతాలో పడితే పాత బాకీకి జమ వేసుకున్నారన్న ఫిర్యాదులు వస్తాయి. 2023 జూన్ 8న మాత్రం రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఉద్దేశపూర్వక ఎగవేతదారులతోనూ, మోసం ఖాతాలతోనూ బ్యాంకులు రాజీ పరిష్కారం చేసుకోవచ్చని అందులో ఉంది. క్రిమినల్ చర్యలకు అది అడ్డం కాదని కూడా ఉంది. బ్యాంకు ఉద్యోగుల సంఘాలు దాన్ని వ్యతిరేకించాయి. రాజీ పడే అధికారం బోర్డుకు ఇచ్చినప్పుడు, ఆ రాజీలో ఎంత వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో జవాబు చెప్పే బాధ్యత కూడా బోర్డుకే ఉండాలి కదా?

మన డిమాండ్లు

ఒకటి. బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో సర్‌చార్జి తరహా నిబంధన చేర్చాలి. ప్రభుత్వ, ప్రైవేటు, సహకార బ్యాంకులన్నిటికీ ఒకటే వర్తించాలి. ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం వల్ల వచ్చిన నష్టాన్ని, సంజాయిషీ విన్న తర్వాత, బాధ్యుల నుంచి రాబట్టే అధికారం స్వతంత్ర ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి.

రెండు. ప్రతి బ్యాంకులోనూ ఏ ఉన్నతాధికారి దేనికి బాధ్యుడో ముందే రాసి నమోదు చేయాలి.

మూడు. పెద్ద మొత్తం రైట్ ఆఫ్ అయిన ప్రతి కార్పొరేట్ ఖాతాకు సంబంధించి, అప్పు ఎవరు మంజూరు చేశారు, ఏ హెచ్చరికలు వచ్చాయి, ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారు అన్న నివేదిక పార్లమెంటు ముందుంచాలి.

నాలుగు. బోనస్ వెనక్కి తీసుకునే నిబంధనకు చట్టబలం ఇవ్వాలి. అన్ని బ్యాంకులకూ వర్తింపజేయాలి. పదవీ విరమణ చేసినంత మాత్రాన బాధ్యత తీరిపోకూడదు.

అయిదు. ప్రకృతి వైపరీత్యం వల్ల, ధర పడిపోవడం వల్ల మునిగిన వ్యవసాయ అప్పుల విషయంలో క్షేత్రస్థాయి సిబ్బందిని వేధించకూడదు.

ఆరు. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి అయిదు లక్షల రూపాయల బీమా ఉంది. వాణిజ్య బ్యాంకులకూ, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులకూ అది వర్తిస్తుంది. మన ప్రాథమిక సహకార సంఘాల్లో వేసుకున్న డిపాజిట్లకు మాత్రం వర్తించదు. ఈ సంగతి చాలామంది సభ్యులకు తెలియదు. సంఘాల డిపాజిట్లకూ రక్షణ ఏర్పాటు చేయాలి.

మన ఇంటి సంగతి

చివరిగా ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి. పెద్ద బ్యాంకుల దగ్గర అడిగే హక్కు మనకు నిలవాలంటే, మన సొసైటీల దగ్గర అదే ప్రశ్న అడగగలగాలి. మన సంఘం సభ్యులు ఎందరో సొసైటీ పాలకవర్గాల్లో ఉన్నారు. తీర్మానాల పుస్తకం చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు. సెక్రటరీ చెప్పాడు, పెట్టేశాను అనేది రేపు విచారణ అధికారి ముందు జవాబు కాదు. సర్‌చార్జి చర్య మీ మీద కూడా రావచ్చు. అది మన పార్టీవాళ్లనో, మన కులంవాళ్లనో, మన ఊరివాళ్లనో వెనకేసుకురావడం మొదలుపెడితే ముంబయి బ్యాంకు బోర్డుకూ మనకూ తేడా లేదు. విచారణ నివేదికలు వచ్చాక పలుకుబడితో తొక్కిపట్టించే పని మన జిల్లాల్లో జరగడం లేదని ఎవరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేరు.

అందుకే ప్రతి గ్రామ శాఖా ఈ మూడు పనులు చేయాలి. సొసైటీ మహాజన సభకు తప్పకుండా వెళ్లాలి, ఆడిట్ నివేదికను చదివి వినిపించమని అడగాలి. పెండింగులో ఉన్న సెక్షన్ 51 విచారణలు, సర్‌చార్జి ఉత్తర్వులు ఏ దశలో ఉన్నాయో జిల్లా సహకార అధికారికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి తెలుసుకోవాలి. పై ఆరు డిమాండ్లనూ గ్రామ సభల్లో చర్చించి, తీర్మానాల నకళ్లు స్థానిక పార్లమెంటు సభ్యుడికి పంపాలి.

రైతు బాకీ పడితే ఊళ్లో తలెత్తుకోలేడు. అప్పు తీరేదాకా నిద్రపోడు. ఆ సిగ్గు, ఆ బాధ్యత డబ్బు అప్పుగా తీసుకున్నవాడికే ఉంటే సరిపోదు. ఆ డబ్బుకు కాపలా కూర్చున్నవాడికీ ఉండాలి. సెక్రటరీకైనా చైర్మన్‌కైనా చట్టం తూకం ఒక్కటే కావాలి. అది సాధించుకునేదాకా ఈ ప్రశ్నను వదిలిపెట్టవద్దు.